గొలుసు రెండో కొస

4,009వ రోజు

గాలి పన్నెండు. మంచు పట్టే వలలు బాగా తడిశాయి. కొలత జరిగింది.

రిజిస్టరులో "విశేషాలు" అన్న గడి వెడల్పు రెండు వేళ్ళు. పదకొండేళ్ళుగా అందులో "ఏమీ లేవు" అని రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్ళు కాలేజీలో భూగోళం చెప్పినదాన్ని, రెండు వేళ్ళలో ఇమడను. అందుకని మిగిలింది ఈ పుస్తకంలో.

పొద్దున గవరయ్య గొలుసు కొస అందుకుంటూ, "పంతులమ్మా, మీ ఇంటి రేకు ఈ ఏడాదైనా మారుస్తారా మీవాళ్ళు?" అని అడిగాడు. మా పల్లం దేశం పోయిన నెలే తొంభై అంతస్తుల మేడ కట్టిందనీ, అందులో ఒక రేకు మిగిలితే తప్పక పంపుతారనీ చెప్పాను. ఆయనది మెరక దేశం. ఆయనకి అద్దాల గది, గోడల్లో వెచ్చదనం, రోజూ తీగ మీద వేలాడుతూ వచ్చే వేడి అన్నం. నాకు పది రోజులకోసారి ఉలవలూ బియ్యమూ. రెండూ ఎదుగుతున్న దేశాలేనని పాఠ్యపుస్తకంలో నేనే రాశాను. ఒకటి ఎంత ఎదిగితే దాని నీడ రెండోదాని మీద అంత పడుతుందని రాయలేదు. అప్పట్లో కొండ ఎక్కలేదు.

మా ఇద్దరి పనీ ఇది. ఈ కొండ వెన్ను మీద ఏడు హద్దు రాళ్ళు. ఉత్తరం వైపు వాళ్ళది, దక్షిణం వైపు మాది. అరవై ఆరు అడుగుల ఇనుప గొలుసు, నూరు లింకులు. ముందు కొస ఆయన చేతిలో, వెనక కొస నా చేతిలో. ఆయన హద్దుకి అటు పక్కన నడుస్తాడు, నేను ఇటు పక్కన. నేను ఒకసారి లాగితే ఆగమని, ఆయన మేకు గుచ్చుతాడు. రెండుసార్లు లాగితే కదలమని. ఏడో రాయి దగ్గర ఒకే కాగితం మీద ఇద్దరం సంతకం పెడతాం. ఆకాశం నిండా కళ్ళు తిరిగే కాలంలో ఈ పాతకాలపు పని ఎందుకంటే, ఆ కళ్ళు అబద్ధమాడడం నేర్చుకున్నాయి గనక. పటాల గొడవ నడిచిన ఏడాది వాళ్ళ ఫొటోల్లో ఈ కొండ రెండు కిలోమీటర్లు దక్షిణానికి జరిగింది, మావాళ్ళ ఫొటోల్లో మూడు కిలోమీటర్లు ఉత్తరానికి జరిగింది. కొండ ఎక్కడుందో చూసి రమ్మని మనిషిని పంపడానికి ఇరవై వేలమంది చావాల్సి వచ్చింది.

తరవాత ఒప్పందం రాసుకున్నారు. యంత్రం చూసింది చెల్లదు. రెండు దేశాల మనుషులిద్దరు ఒకే గొలుసు చెరో కొస పట్టుకుని కొలిచిందే హద్దు. సాక్షులుగా ముసలివాళ్ళనే పెట్టాలన్నారు, ప్రమోషన్ కోసం అబద్ధమాడే వయసు దాటినవాళ్ళని. అబద్ధానికి ఇంకే కారణాలూ ఉండవనుకున్నారు కాబోలు.

ఇవాళ సంతకాలయ్యాక గవరయ్య వెంటనే వెళ్ళలేదు. రాయి మీద కూర్చుని గొలుసు కీళ్ళకి నూనె రాశాడు, ఒక్కొక్కటీ, నూరూ. రేపు రాయొచ్చు కదా అన్నాను. "ఇవాళ రాస్తాను," అన్నాడు. ఈ నెల గొలుసు నా దగ్గర ఉండే వంతు. నూనె మరకల చేతులతోనే నాకిచ్చి వెళ్ళాడు.

సాయంత్రం తోడు అడిగింది: "ఇవాళ ఎవరితోనైనా మాట్లాడారా?" తోడు అంటే మా హద్దుల కార్యాలయం ఇచ్చిన మాట్లాడే డబ్బా. ఒంటరి మనుషులకి ఇస్తారట. అరిచానని చెప్పాను. అరవై ఆరు అడుగుల దూరంలో, ఈ గాలిలో, మరెలా మాట్లాడతారు? డబ్బా దాన్ని ఎప్పటిలాగే "కోపం" అని రాసుకుంది.

4,010వ రోజు

గాలి పది. వలలు తడి. కొలత లేదు.

రాలేదు. మొదటి రాయి దగ్గర గొలుసు భుజాన వేసుకుని మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. పదకొండేళ్ళలో ఆయన ఆలస్యమైంది రెండుసార్లు. ఒకసారి భార్య పోయినప్పుడు, ఒకసారి చెప్పు తెగినప్పుడు. రెండుసార్లూ క్షమించమని ఒకే గొంతుతో అడిగాడు.

4,011వ రోజు

గాలి పద్నాలుగు. కొలత లేదు.

ఆయన గది మొదటి రాయికి రెండొందల అడుగుల అవతల. హద్దు దాటడానికి నాకు వీల్లేదు. మెరక తూనీగలు, అంటే ఫొటోలు తీసే ఎగిరే యంత్రాలు, రెండు తలమీదే తిరుగుతుంటాయి, నా చెప్పు అటు పడితే ఆ ఫొటో సాయంత్రానికి ప్రపంచమంతా చూస్తుంది. ఆ ఫొటోలో నా కాలు ఆరు అడుగులు పెరిగినా ఆశ్చర్యం లేదు.

కళ్ళజోడు తుడుచుకుని చూశాను. అద్దం వెనక గవరయ్య నిలబడి ఉన్నాడు, చేతిలో గ్లాసు. మంచాన పడలేదు. నన్ను చూశాడు. నేను గొలుసు కొస పైకెత్తి చూపించాను. ఆయన తెర లాగేశాడు.

ఇంటికొచ్చి కార్యాలయానికి చెప్పాను. మెరక ఇప్పటికే కబురు పెట్టిందట: మా సాక్షికి అనారోగ్యం, బదులు మనిషిని చూస్తున్నాం, కొంత సమయం పట్టవచ్చు. మర్యాదగానే ఉంది. ఏడు రోజులు వరసగా కొలత జరక్కపోతే మాత్రం ఈ హద్దు మళ్ళీ ఫొటోల పంచాయతీకి పోతుంది. ఆ పంచాయతీలో కూర్చునే తొమ్మిది దేశాల్లో ఆరింటికి కరెంటు మెరక నుంచే వెళుతుంది. కాబట్టి వాళ్ళు సైన్యం తేనక్కర్లేదు. రాకపోతే చాలు.

మనమేం చేస్తున్నామని అడిగితే, తీవ్ర అభ్యంతరం తెలిపామన్నారు. దానికి వాళ్ళేమన్నారని అడిగాను. అందినట్టు రసీదు పంపారట.

"ఇవాళ ఎవరితోనైనా మాట్లాడారా?" అంది తోడు. లేదన్నాను. "ప్రశాంతం" అని రాసుకుంది.

4,012వ రోజు

గాలి పదకొండు. కొలత లేదు. తెర వేసే ఉంది.

4,013వ రోజు

గాలి తొమ్మిది. వలలు ఒక మాదిరి. కొలత లేదు.

శాంభవి పలకరించింది. నా కూతురి కూతురు. కొండ కింద ఉప్పుమిల్లి ఊళ్ళో నీళ్ళ వాల్వులు తిప్పే ఉద్యోగం. సముద్రం మీంచి వచ్చే మంచు ఈ కొండ మీద వలలకి తగిలి నీరై, గొట్టాల్లో దిగి, అయిదు ఊళ్ళకి వెళుతుంది. రోజు విడిచి రోజు, ఇంటికి నాలుగు బిందెలు. ఆ అయిదు ఊళ్ళలో బావులన్నీ ఉప్పే. వలలు ఉన్నది హద్దుకి నలభై అడుగుల దక్షిణాన. మెరక ఫొటోల్లో హద్దు వలలకి దక్షిణాన ఉంటుంది. ఇంతకన్నా వివరంగా నేను క్లాసులో కూడా చెప్పలేదు.

ఫోను పలకలో దాని ముఖం చిన్నగా కనబడింది. వెనక మునిమనవరాలు చెంబుతో ఆడుతోంది.

"అమ్మమ్మా, నిజం చెప్పు. గవరయ్య గారిని ఏమైనా అన్నావా?"

"అనని రోజు లేదు."

"అది కాదు. బాధపడేట్టు ఏదైనా?"

నా మనవరాలికి నా నోటి మీద ఉన్న నమ్మకం మా ప్రభుత్వానికి సరిహద్దుల మీద ఉంటే బాగుండును. నేనేమీ అనలేదనీ, పైనుంచి ఆయన్ని రావద్దని ఉంటారనీ చెప్పాను. అది ఊరి సంగతి చెప్పింది. ఊళ్ళో జనం అప్పుడే గంగాళాలు బయటికి తీస్తున్నారట, నింపి పెట్టుకుందామని. ఉన్న నీళ్ళే నాలుగు బిందెలైతే గంగాళాలు దేంతో నింపుతారో తనకి తెలియదట, ఎవరినీ ఆపలేదట. "ఏడో రోజు దాటాక వాల్వు ఎవరిని అడిగి తిప్పాలి?" అంది. అడిగింది నన్ను కాదు. ఊరికే అంది.

కిందికి వచ్చేయమని కూడా అంది. ఎప్పుడూ అంటుంది. ఇక్కడ పని ఉంది అంటాను ఎప్పుడూ. ఇవాళ ఆ మాట రాలేదు.

4,014వ రోజు

గాలి ఏడు. కొలత: ప్రయత్నం.

ఒక్కదాన్నే కొలిచాను. చెల్లదని తెలుసు. ఊరికే కూర్చోలేక.

కొసని రాయి కింద పెట్టి, రెండో కొస పట్టుకుని అరవై ఆరు అడుగులు నడిచి, మేకు గుచ్చి, వెనక్కి వచ్చి, రాయి తీసి, గొలుసు ఈడ్చుకుంటూ మళ్ళీ ముందుకి. మధ్యాహ్నానికి మూడు గొలుసుల దూరం అయింది. రోజూ ఇద్దరం ఈ వేళకి ఏడు రాళ్ళూ కొలిచి, సంతకాలు పెట్టి, మెరకవాళ్ళ ఊరగాయ గొప్పదా మావాళ్ళదా అన్న దగ్గర ఉంటాం. మోకాళ్ళు ఇక రానన్నాయి. తూనీగ ఒకటి ఆరడుగుల ఎత్తులో ఆగి నన్నే చూస్తోంది. దానికి కొస పట్టుకోవడం వచ్చా అని అడిగాను.

ఒక సంగతి మాత్రం అప్పుడు తెలిసింది. మేకు గుచ్చిన ప్రతిసారీ నేను లాగు కోసం ఎదురు చూస్తున్నాను. వెనక రాయి ఉంది. రాయి లాగదు.

తిరిగి వచ్చేటప్పుడు మొదటి రాయి పక్కన కూర్చున్నాను. అక్కడ నేలలో రెండు ఇత్తడి గుబ్బలు పాతి ఉంటాయి, సరిగ్గా అరవై ఆరు అడుగుల ఎడంతో. ఏడాదికోసారి గొలుసుని వాటిమీద పరిచి, సరిగ్గా ఉందో లేదో చూసి, ఇద్దరం సంతకం పెట్టాలి. పరిచాను. రెండో గుబ్బ దాటి గొలుసు జానెడు ముందుకి పోయింది.

నాకు కొత్త కాదు. ఆయనకీ కాదు. రోజూ ఈడిస్తే ఏ ఇనుమైనా కీళ్ళ దగ్గర అరిగి సాగుతుంది. మొదటి ఏడాది పరీక్షలో బొటనవేలంత సాగింది. గవరయ్య వంగి చూసి, "గాలికి కదిలినట్టుంది, సరిగ్గానే ఉంది," అన్నాడు. అవునన్నాను. ఆ రోజు గాలి లేదు.

సాగిన గొలుసుతో కొలిస్తే దూరం తక్కువ వస్తుంది. మొదటి రాయి నుంచి రెండో రాయికి మొదట్లో పద్దెనిమిది గొలుసుల అరవై రెండు లింకులు. తరవాత అరవై, యాభై, ఇంకా తక్కువ. మేము మాత్రం అరవై రెండనే రాశాం. రాళ్ళు కదల్లేదు, అంకె ఎందుకు కదలాలి అనుకున్నాం. అనుకున్నామని కూడా ఒకరికొకరం చెప్పుకోలేదు. నాలుగు వేల రోజులు ఆయన అంకె అరిచేవాడు, నేను తిరిగి అరిచేదాన్ని. గొలుసు సాగిందని రాస్తే దాన్ని కిందికి పంపాలి. దాంతోపాటు మమ్మల్నీ పంపుతారు. కాబట్టి గాలి అన్నాం.

ఇంటికొచ్చి ఒప్పందం తీశాను. దీన్ని పన్నెండు బ్యాచులకి పాఠంగా చెప్పాను, పంతొమ్మిదో నిబంధన పరీక్షకి రాదని వదిలేసేదాన్ని. గొలుసు లోపమని ఇద్దరు సాక్షులూ కలిసి రాసి సంతకం పెడితే, గడువు లెక్క ఆ రోజుతో ఆగిపోతుంది. కొత్త గొలుసుని రెండు దేశాలూ ఒప్పుకుని పంపేదాకా రాళ్ళు ఉన్నచోటే హద్దు. గొలుసుని పాడు కానిచ్చిన సాక్షులిద్దరూ కొండ దిగాలి, మళ్ళీ ఎక్కకూడదు.

రెండుసార్లు చదివాను. చివరి వాక్యం మూడుసార్లు.

కొత్త గొలుసు ఏ కొలబద్దతో చేయాలన్నదాని మీద రెండు దేశాలూ తొమ్మిదేళ్ళుగా కొట్టుకుంటున్నాయి. అది తేలేసరికి శాంభవి మనవలు వాల్వులు తిప్పుతుంటారు. అంటే నీళ్ళు నిలుస్తాయి. కావలసింది రెండో సంతకం. అది తెర వెనక ఉంది.

4,015వ రోజు

గాలి ముప్పై ఎనిమిది. కొలత లేదు.

గాలి ముప్పై దాటితే తూనీగలు ఎగరవు. పదకొండేళ్ళలో నేను ఈ కొండ గాలిని మెచ్చుకున్నది ఇవాళే. కాగితం రాసి, సంచిలో పెట్టుకుని, తలకి దుప్పటి చుట్టుకుని మొదటి రాయి దగ్గరికి వెళ్ళాను.

రెండొందల అడుగుల దూరానికి అరవడం మామూలువాళ్ళకి కష్టం. నాకు అలవాటే. ఆయన పేరు పిలిచాను. నాలుగోసారికి తెర కదిలింది. ఆరోసారికి తలుపు తెరుచుకుంది. మెడకి మఫ్లరు చుట్టుకుని గవరయ్య వచ్చాడు. మామూలుగానే నడిచాడు. రాయికి అటు పక్కన, ఎప్పటి దూరంలోనే ఆగాడు.

"ఒంట్లో ఎలా ఉంది?"

"కాగితం ప్రకారం బాగాలేదు, పంతులమ్మా."

"ఏం జబ్బట?"

"ఏడు రోజుల జబ్బట. ముందు సర్టిఫికెట్ వచ్చింది. జబ్బు ఇంకా రాలేదు, చూస్తున్నాను."

నాకు నవ్వు రాకూడదనుకున్నాను. తెర ఎందుకు లాగారని అడిగాను. ఆయన మఫ్లరు సర్దుకున్నాడు. తరవాత, గొలుసు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూస్తూ టీ తాగడం తన వల్ల కాలేదన్నాడు. కొలిస్తే గది ఖాళీ చేయిస్తామన్నారట. భార్య పోయాక ఆయనకి ఆ గది తప్ప మరో ఇల్లు లేదని నాకు తెలుసు. కోడలు ముప్పై ఒకటో అంతస్తులో ఉంటుంది, ఆమె పిలిచింది పదకొండేళ్ళలో ఒకసారి, అదీ ఎత్తు అంటే మీకు భయమా అని అడగడానికి.

ఇక ఆలస్యం చేస్తే అనలేనని తెలిసి అనేశాను.

"గవరయ్య గారూ, గొలుసు సాగింది."

ఆయన నన్ను చూశాడు. ఒక వయసు దాటాక మనిషి ముఖంలో కొత్త మడత పడదనుకునేదాన్ని. పడింది.

"మొదటేడే సాగింది," అన్నాడు.

"మీరు గాలి అన్నారు."

"మీరు అవునన్నారు."

"అన్నాను."

అంతే. పదకొండేళ్ళు దాచిన సంగతికి నాలుగు ముక్కలు సరిపోయాయి. ఆ తరవాత పంతొమ్మిదో నిబంధన చదివి వినిపించాను, గాలి కాగితాన్ని లాక్కుపోకుండా రెండు చేతులా పట్టుకుని. ఆయన మొత్తం విన్నాడు. చివరి వాక్యం దగ్గర నా గొంతు కొంచెం తగ్గిందేమో, మళ్ళీ చదవమన్నాడు. చదివాను.

"మిమ్మల్ని కొలవొద్దన్నారు," అన్నాను. "సంతకం పెట్టొద్దన్నారా?"

"అనలేదు. అది వాళ్ళకి తట్టలేదు."

"మరి?"

ఆయన వలల వైపు చూశాడు. గాలికి అవి నిండుగా ఉబ్బి, నీళ్ళు గొట్టాల్లోకి ధారగా పడుతున్నాయి. పదకొండేళ్ళు ఆ వలలు ఆయన ఎడమచేతికి కనబడుతూనే ఉన్నాయి. ఎన్ని బిందెలు అని ఒక్కసారీ అడగలేదు. ఇవాళ అడిగాడు. చెప్పాను. ఇంటికి నాలుగా అన్నాడు. రోజు విడిచి రోజు అన్నాను.

"కొండ దిగాక ఏ ముఖం పెట్టుకుని ఎవరింటికి వెళ్ళాలో నాకు తెలీదు, పంతులమ్మా."

సర్దిచెప్పడం నాకు చేతకాదు. ఉద్యోగంలో ఎప్పుడూ ఎవరినీ ఊరడించలేదు, మార్కులు కలపలేదు. నాకూ తెలీదనే చెప్పాను. కాగితాన్ని రాయి మీద పెట్టి, మేకు బరువుగా ఉంచి, వెనక్కి జరిగాను. ఆయన దగ్గరికొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చదివాడు.

"మొదటి దూరంలో తరుగు ఇరవై రెండు లింకులని రాశారు. ఇరవై మూడు."

"ఇరవై రెండు. నేను లెక్కపెట్టాను."

"ముందు కొస నాది. ఇరవై మూడు."

ఆఖరి కాగితం మీద కూడా ఒప్పుకోడు. గాలిలో నిలబడి పావుగంట వాదించుకున్నాం. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. చివరికి నేను కొట్టేసి ఇరవై మూడు అని రాశాను, ఆయన పక్కన పొడి సంతకం పెట్టాడు. నిజానికి ఇరవై మూడే. నాకు వాదన కావలసి వచ్చింది.

తరవాత అడుగున ఇద్దరం సంతకం చేశాం. ఆయనది ఎప్పటిలాగే చివర్లో పైకి లేచింది. ఇంటికి వచ్చేలోపు పలకలోంచి రెండు దేశాలకీ పంపాను. అసలు కాగితం బియ్యం డబ్బాలో ఉంది.

తోడు అడిగింది. మాట్లాడానన్నాను. "కోపం?" అని అడిగింది. ఈసారి కాదన్నాను. ఏం రాయాలో తెలియక చాలాసేపు దీపం ఆడించింది.

4,016వ రోజు

గాలి ఇరవై. ఏడో రోజు. గడువు లెక్క ఆరు దగ్గర ఆగింది.

పొద్దున్నే మా కార్యాలయం పెద్దాయన మాట్లాడాడు. నా శిష్యుడే, పాస్ మార్కులవాడు. పదకొండేళ్ళు తప్పుడు అంకెలు రాశారా మేడం అని అడిగాడు. రాశానన్నాను. దేశానికి ఎంత అప్రతిష్ఠో తెలుసా అన్నాడు. వలలు ఎవరి వైపున్నాయి అని అడిగాను. మన వైపేనన్నాడు. సరే అన్నాను.

మధ్యాహ్నం రెండు ప్రభుత్వాలూ కలిసి ఒకే ప్రకటన ఇచ్చాయి. ఇద్దరు సాక్షుల ప్రవర్తన సిగ్గుచేటట. పల్లం, మెరక ఒక మాట మీదికి రావడం ఒప్పందం తరవాత ఇదే మొదటిసారి. ఆ ఐకమత్యం సంపాదించి పెట్టినందుకు మాకు ఎవరూ థాంక్స్ చెప్పలేదు.

శాంభవి పలకరించింది. ముందు ఏడ్చింది, తరవాత తిట్టింది. నా పోలికే. వాల్వు తిప్పానని చెప్పింది. గంగాళాలు లోపల పెట్టేశారట. నాకోసం గది ఊడుస్తోందట, కిటికీ కొండ వైపు వస్తుందట. అటు వద్దన్నాను. తరవాత ఉండనీ అన్నాను.

4,017వ రోజు

గాలి పదమూడు.

గొలుసు వెళ్ళిపోయింది. రెండు తాళాల పెట్టె ఒకటి దించారు. ఒక తాళం నేను వేశాను, ఒకటి గవరయ్య వేశాడు. రెండు దేశాల తూనీగలు పెట్టెని చెరో పక్క పట్టుకుని లేచాయి. సమంగా లేవలేదు. వాళ్ళది బలమైంది కాబట్టి పెట్టె మా వైపుకి ఒరిగి, అలాగే వంకరగా కనుమరుగైంది. నాకు పెట్టెలో గొలుసు జారిన చప్పుడు వినిపించింది.

రేపు మధ్యాహ్నం ఇద్దరం దిగాలి, చెరో పక్కకి. ఆయన కోడలి మేడకే వెళుతున్నాడు. లిఫ్టులో కళ్ళు మూసుకుంటానన్నాడు. మా దేశంలోంచి వాళ్ళ దేశంలోకి ఉత్తరం వెళ్ళదు. మనిషి సంగతి చెప్పక్కర్లేదు.

4,018వ రోజు

గాలి ఎనిమిది. వలలు తడి. కొలత లేదు, గొలుసు లేదు గనక.

మూట సర్దుకోవడం గంటలో అయిపోయింది. తోడుని తిరిగి ఇచ్చేయాలట, పెట్టెలో పెట్టాను. పెట్టే ముందు అదే ప్రశ్న అడిగింది. ఇంకా పొద్దుంది, వెళ్ళి చూసి వస్తానన్నాను.

రోజూ వెళ్ళే వేళకి కాళ్ళు వాటంతటవే మొదటి రాయి దగ్గరికి తీసుకెళ్ళాయి. గవరయ్య అప్పటికే అక్కడున్నాడు, మఫ్లరు లేకుండా. ఎందుకొచ్చారని ఒకరినొకరం అడగలేదు. ఒకసారి నడిచి వద్దామా అన్నాడు.

బయలుదేరాం. నేను ఇటు పక్క, ఆయన అటు పక్క, మధ్య రెండు బారల ఎడం కూడా లేదు. ఇంత దగ్గరగా ఎప్పుడూ నడవలేదు. మాట్లాడదామంటే గొంతు ఏ స్థాయిలో పెట్టాలో తెలియలేదు. అరిస్తే ఎక్కువ, మెల్లగా అంటే ఆ గొంతు మా ఇద్దరికీ ఎవరిదోలా ఉంటుంది. ఆయన ఏదో అనబోయి దగ్గాడు. నేను ఊరగాయ సంగతి ఎత్తబోయి మానేశాను. పదీ పన్నెండు అడుగులు అలాగే ఇబ్బందిగా నడిచాం, పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు.

అప్పుడు ఆయన ఒక్కసారి తల ఊపి, నన్ను దాటి ముందుకి వెళ్ళిపోయాడు. చకచకా నడిచాడు. చూస్తూ నిలబడ్డాను. అరవై ఆరు అడుగుల దగ్గర, ఎవరూ ఆపకుండానే ఆగాడు. కొంచెం అటూ ఇటూ చూసి జానెడు ముందుకి జరిగాడు. వెనక్కి తిరగలేదు. కుడిచెయ్యి కాస్త వెనక్కి పెట్టి, పిడికిలి మూసి, నిలబడ్డాడు.

నేను కూడా నా పిడికిలి మూశాను. ఒకసారి లాగాను. ఆయన వంగి, లేని మేకు గుచ్చాడు.

"ఒకటి," అని అరిచాడు.

"ఒకటి," అని అరిచాను.

రెండుసార్లు లాగాను. కదిలాడు.